రెండు వాల్వులు తీసేసిన పెట్టె

మా మేనల్లుడు జోయెల్ మొన్నొక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, మంచం కింద ఉన్న చెక్కపెట్టెను చూసి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నేల మీద చతికిలబడ్డాడు. వాడు నగరంలో ఒక పెద్ద క్రైస్తవ సంఘంలో గిటారు వాయిస్తాడు. సంఘమంటే నేనెరిగిన సంఘం కాదు. ఏసీ హాలు, నల్లరంగు వేసిన గోడలు, స్టేజీ మీద పొగ. పొగ ఎందుకురా అని ఒకసారి అడిగితే ‘ఆట్మాస్ఫియర్ మామయ్యా’ అన్నాడు. దేవుడి సన్నిధి సరిపోనివాళ్లకు పొగ కావాలి కాబోలు. వాడి కాళ్ల దగ్గర ఇనప పలక ఒకటి ఉంటుంది. దాని మీద పన్నెండు మీటలు. ఒక్కో మీట తొక్కితే ఒక్కో దేశపు ఆంప్లిఫైయర్ గొంతు వస్తుందట. ఆ పన్నెండు గొంతులూ నేను విన్నాను. పన్నెండింటికీ ఒకటే జలుబు.

“ఇది నిజంగా వాల్వ్ ఆంపేనా మామయ్యా? ఒరిజినలా? దీని కోసం మావాళ్లు పిచ్చెక్కి తిరుగుతున్నారు తెలుసా?”

“పిచ్చెక్కినవాళ్లు దేని కోసమైనా తిరుగుతారు.”

“అది కాదు, లీడ్ టోన్ అంటే దీన్లోంచే రావాలి. మేం వాడేవన్నీ దీనికి కాపీలే. నాకిచ్చెయ్. ఈ ఆదివారమే వర్షిప్‌లో పెడతా.”

“అది గుడికి రాదు.”

“పాడైందా?”

“పెట్టె పాడవలేదు” అన్నాను.

వాడు పెట్టెను బయటికి లాగి, వెనక్కి తిప్పి, అక్కడ తెల్లరంగుతో రాసి ఉన్న అక్షరాలను పైకి చదివాడు. ‘కేవలం దైవకృప.’ చదివి, ఫోన్ తీసి ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ అక్షరాలు రాసింది నేనే. అంతకన్నా నీచమైన పని నా జీవితంలో నేను మరొకటి చెయ్యలేదు.

మా నాన్న తెనాలి వైపు మనిషి. రైల్వేలో గుమాస్తాగా సికింద్రాబాద్ వచ్చి, చిలకలగూడలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టి, మారేడ్‌పల్లి దగ్గరి మా గుడికి సంఘపెద్ద అయ్యాడు. గుడి మైకు సెట్టు, అంటే ఈ పెట్టే, ఆయన బాధ్యత. గుడి తలుపుకు సరైన గడియ లేదని సెట్టు మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవాడు, మళ్లీ ఒళ్లో పెట్టుకునే తెచ్చేవాడు. మా అమ్మ వెనక నడిచి వచ్చేది. శనివారం సాయంత్రం పాత బనియను గుడ్డతో గాజుబుడ్ల లాంటి వాల్వులు ఒక్కొక్కటీ తుడిచేవాడు. పసిపిల్ల మొహం తుడిచినట్టు. ఆదివారం బయల్దేరేముందు ఇంట్లోనే ఒకసారి స్విచ్ వేసి చూసుకోవడం ఆయన అలవాటు. వాల్వులు వేడెక్కేదాకా ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. తర్వాత మైకు అందుకుని అందరిలా ‘హలో హలో’ అనేవాడు కాదు. రోజులో మైకు పలికే మొదటిమాట వ్యర్థమైన మాట కాకూడదని ఒక స్తోత్రవాక్యం చెప్పి పరీక్షించేవాడు. వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ మైనం వాసన, వాల్వుల మీద మాడే సన్నటి దుమ్ము వాసన, పక్కగదిలో అమ్మ కిరసనాయిలు స్టవ్ మీద సన్నసెగన పెట్టిన వేటమాంసంలోంచి వచ్చే అల్లం వెల్లుల్లి వాసన. ఇప్పటికీ నాకు ఆదివారమంటే ఈ మూడే. మైకు ప్రార్థన మధ్యలో కూత పెడితే నాన్నకు తల కొట్టేసినట్టుండేది. అందుకని సౌండ్ బటన్ పక్కన ఎర్రరంగుతో ఒక గీత గీశాడు. అది దాటి ఎవరూ తిప్పకూడదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నా అంత భక్తిపరుడు, నా అంత వెధవ ఆ పేటలో ఇంకొకడు లేడు. లేఖనాలు అధ్యాయాలకు అధ్యాయాలు ఒప్పజెప్పేవాణ్ని. ఎవరు రక్షణ పొందారో ఎవరు పొందలేదో మొహం చూసి చెప్పేవాణ్ని. ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక ఇంజను డ్రైవరు కుటుంబం నుంచి ఎలక్ట్రిక్ గిటారు ఒకటి నా చేతికొచ్చింది. గిటారు సినిమా సామాను అనీ, అది గుడిలోకి వస్తే వెనకాలే ఇంకేవో వస్తాయనీ పెద్దల్లో సగం మంది గొణిగారు. చివరికి పాస్టరు అయ్యగారు ఒక మాట చెప్పారు. ఈస్టరు ఆరాధనలో ఒక్క పాటకు, చరణాల మధ్య నేను లీడ్ వాయించాలి. వినసొంపుగా ఉంటే గిటారు గుడిలో ఉంటుంది. గోలగా ఉంటే మళ్లీ దాని పేరెత్తకూడదు. ఈస్టరు ఇంకా నెల రోజులుంది.

గిటారును నాన్న మైకు సెట్టుకు తగిలిస్తే దోమ పాడినట్టుండేది. హార్మోనియం, డోలక్ మోగుతుంటే అసలు వినపడేదే కాదు. వినపడాలని సన్నస్వరం పెంచితే వినేవాళ్ల పళ్లు జివ్వుమనేవి. నాకు కావలసింది వేరు. స్వరం మీటగానే చచ్చిపోకూడదు, గొంతు నిండి, కాస్త బొంగురుపోయి, మనిషి ఊపిరి ఉన్నంతసేపు నిలబడాలి. స్పీకరు కాగితం చిరిగితే అలాంటి శబ్దం వస్తుందని ఎవడో చెబితే నమ్మి, అమ్మ కుట్టుసూదితో స్పీకరుకు ఇరవై పొడుపులు పొడిచాను. దోమ పోయి కందిరీగ వచ్చింది. అప్పుడు ఎవరికీ చెప్పకుండా పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని, మా గల్లీ చివర రేడియోలు బాగుచేసే యాదగిరి దగ్గరికి వెళ్లాను.

యాదగిరి నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నాన్న ఆయన్ని ‘యాదగిరి గారూ’ అని పిలిస్తే మా సంఘంలో కొందరు నవ్వేవాళ్లు. నేను నవ్వను కూడా లేదు. ‘యాదగిరీ’ అని ఏకవచనంలో పిలిచేవాణ్ని. అతను అన్యుడు కదా, మా మతం కానివాడు.

స్పీకరు చూసి యాదగిరి తల పట్టుకున్నాడు. “ఏందీ తమ్మీ, స్పీకర్‌కు టీకాలేసినవా?”

“లీడ్ రావడం లేదు. సన్నగా ఉంది.”

“వాయించు, సూద్దాం.”

వాయించాను. అతను దుకాణంలో ఉండలేదు. గల్లీ దాటి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ మెట్టు మీద నిలబడి విన్నాడు. దగ్గర కూర్చుంటే చెవి మోసపోతుందట. తిరిగొచ్చి పెట్టె వెనక చెక్క విప్పాడు.

“బలం ఎక్కువైంది దీనికి. నాలుగు ఎడ్లను గట్టి తోపుడుబండి గుంజుతున్నవ్. ఎడ్లకు చెమట పడ్తలేదు. చెమట పట్టకుంటే పాటెట్లొస్తది?” అంటూనే నాలుగు పెద్ద వాల్వుల్లో రెండు పీకి బల్ల మీద పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక తీగ ఊడదీసి ఇంకోచోట అతికించాడు.

“రెండు తీసేస్తే సౌండ్ తగ్గిపోదూ?”

“తగ్గాలె. తగ్గితేనే నువ్వు ఫుల్ తిప్పగల్గుతవ్. ఫుల్ తిప్పితేనే వాల్వు తక్లీఫ్ పడ్తది. గా తక్లీఫ్‌లనే ఉన్నది పాట. గిదేంది, గీ ఎర్ర గీత ఎవ్వలు గీసిండ్రు?”

“మా నాన్న. అది దాటితే కూత పెడుతుంది.”

“మైకుకు గది కరెక్టే. గిటార్‌కు జైలు గది.” బటన్ గీత దాటించి చివరిదాకా తిప్పేశాడు. “ఇంక పెట్టెను ముట్టకు. అంతా నీ గిటార్ బటన్ల ఉన్నది. పాట నడుస్తుంటే సగం తెరువు. లీడ్ రాంగనే మొత్తం ఇప్పు. గంతే.”

గంతే అన్నాడు గానీ దానికి మూడు వారాలు పట్టింది. రోజూ సాయంత్రం నేను దుకాణంలో కూర్చుని వాయించేవాణ్ని. అతను హోటల్ మెట్టు మీద నిలబడి వేలు పైకీ కిందికీ ఊపేవాడు. వచ్చి ఒక చిన్న కండెన్సరు తీసి ఇంకోటి అతికించి, మళ్లీ గల్లీ దాటేవాడు. రిక్షావాళ్లు మధ్యలో అడ్డం వస్తే తిట్టేవాడు. స్పీకరు పొడుపులకు పల్చటి కాగితం ముక్కలు అతికించాడు. గిటారు మీద ఒక్క స్వరం వాయించడం రాదు అతనికి. కానీ ఇరవయ్యో రోజున నేను గిటారు బటన్ మొత్తం విప్పి ఒక తీగ సాగదీసి పట్టుకుంటే, ఆ స్వరం నిలబడింది. నిండింది. అంచు దగ్గర కొంచెం బొంగురుపోయి, కిందికి జారకుండా పాడుతూనే ఉంది. అవతల యాదగిరి వేలు ఊపడం మరిచిపోయాడు. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

నాన్నకు వినిపిస్తే కళ్లు మూసుకుని విని, “ఏడుస్తోందిరా” అన్నాడు. “పశ్చాత్తాపపడ్డవాడు ఏడ్చినట్టుంది. ఆ గీత దాటించడానికి నాకేం అభ్యంతరం లేదు” అన్నాడు. మైకు కోసం వేరే చిన్న సెట్టు అడిగి తెస్తానన్నాడు.

యాదగిరి అడిగింది ఒక్కటే. “పండుగనాడు నేనొచ్చి ఎనక నిలబడి వింట తమ్మీ. మీ పాటలు నాకు తెల్వయ్ గని, గీ సౌండ్ పెద్ద హాల్ల ఎట్ల పల్కుతదో వినాలె.” రమ్మన్నాను. పెట్టె వెనక చెక్క మీద అతను రంగుతో ‘యాదగిరి, రేడియో మెకానిక్, చిలకలగూడ’ అని రాసుకున్నాడు. బాగుచేసిన ప్రతిదాని మీదా అలా పేరు రాసుకోవడం వాళ్ల వృత్తిలో ఆచారం. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, ఉపవాసంలో ఉన్న ఆ కడుపుతోనే, నేను గరుకు కాగితం తీసుకుని ఆ పేరు గీకేశాను. ప్రభువు బల్ల ముందు అన్యుడి పేరు ఉండకూడదనుకున్నాను. ఆ చోట తెల్లరంగుతో ‘కేవలం దైవకృప’ అని రాశాను. రాసి, కాస్త దూరం నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఈస్టరు నాడు గుడి కిక్కిరిసింది. యాదగిరి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎందుకైనా మంచిదని జేబులో స్క్రూడ్రైవరు, ఫ్యూజు తీగ పెట్టుకుని, వెనక చెప్పుల దగ్గర నిలబడ్డాడు. రెండో చరణం అయ్యాక నేను బటన్ విప్పాను. గొణిగిన పెద్దలు కూడా తలలెత్తారు. పాట అయిపోగానే అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, “బాబూ, ఈ వాద్యం నీకెలా అబ్బిందో సాక్ష్యం చెప్పు” అన్నారు.

సాక్ష్యం చెప్పడం మాలో ఎలాగుంటుందో బయటివాళ్లకు తెలియదు. లేచి నిలబడ్డవాడు దేవుణ్ని ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచి సాక్ష్యం. దానికి సులువైన దారి, మధ్యలో ఉన్న మనుషుల్ని తీసేయడం. వైద్యం చేసిన డాక్టరు, ఉద్యోగానికి చెప్పిపెట్టిన పక్కింటాయన, వాళ్లెవరూ సాక్ష్యంలో ఉండరు. నేను మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించిన మాట నిజం. అంతవరకు చెప్పి కూర్చుంటే సరిపోయేది. “ఏ మనిషీ నాకు నేర్పలేదు. ఈ పెట్టె మీద ఏ మనిషి చెయ్యీ పడలేదు. ప్రభువే నా వేళ్లు పట్టుకుని నడిపించాడు” అన్నాను. గుడి అంతా ఆమేన్ అంది. ముందు వరసలో నాన్న కూడా అన్నాడు. ఉత్సాహంలో నోరు జారిందని నేను అబద్ధమాడను. అంటున్నప్పుడు నా కళ్లు చెప్పుల వైపే ఉన్నాయి.

బయటికొచ్చాక యాదగిరి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు.

“సౌండ్ మంచిగుంది తమ్మీ. మీ ప్రభువుకు సోల్డరింగ్ సుత వస్తదా? మంచిదే. ఇగ వాల్వు పోతే ఆయన్నే పిల్వు.”

సైకిలెక్కి వెళ్లిపోయాడు. అతని వెటకారాన్ని అవిశ్వాసి హృదయకాఠిన్యం అనుకుని, వారం రోజులు అతని కోసం ప్రార్థించాను. అప్పటి నా మొహం ఇప్పుడు ఎదురైతే, ఉమ్మెయ్యడానికి కూడా ఒప్పుకోను.

రెండు నెలలకు ఒక వాల్వు పోయింది. నాన్న పెట్టెను యాదగిరి దగ్గరికి తీసుకెళ్లి, పది నిమిషాల్లో అలాగే ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాడు.

“యాదగిరి గారు ముట్టుకోలేదురా.”

“ఎందుకట?”

“మనిషి చెయ్యి పడకుండా తయారైన పెట్టెకు నా చెయ్యెందుకు సార్ అన్నారు.” నాన్న పెట్టె దించి, వెనక చెక్క మీది తెల్లరంగు అక్షరాలను వేలితో తడిమి చూశాడు. గరుకు కాగితం గీతలు తగిలినట్టున్నాయి. “ఇక్కడ ఆయన పేరుండేది కదూ?”

“మహిమ దేవుడికే కదా నాన్నా.”

“ఒరేయ్, దేవుడి పేరు అడ్డం పెట్టుకుని పక్కవాడి పేరు చెరిపితే దాన్ని మహిమ అనరు. దొంగతనమంటారు. ఎడారిలో దేవుడి కోసం ప్రత్యక్షపు గుడారం చేసిన పనివాడి పేరు, వాడి తండ్రి పేరు, గోత్రంతో సహా లేఖనంలో రాయించాడు దేవుడు. ఆయనకు లేని ఇబ్బంది నీకొచ్చిందా?” పెట్టె మీంచి వేలు తీసి, “నేను కూడా ఆమేన్ అన్నానురా” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. “ఏ నోటితో చెప్పావో ఆ నోటితోనే, సంఘం ముందు నిలబడి సరిదిద్దు. అంతదాకా ఈ పెట్టె గుడి గడప తొక్కదు.”

నేను సరిదిద్దలేదు. మొదట రోషం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు. గుడికి ట్రాన్సిస్టర్ సెట్టు వచ్చింది. దానికి తగిలిస్తే నా గిటారు చద్దన్నంలా ఉండేది, క్రమంగా వాయించడం మానేశాను. ఉద్యోగం చేశాను, సంఘపెద్దనయ్యాను, పిల్లలకు వాక్యం నేర్పాను, వందసార్లు లేచి నిలబడి సాక్ష్యాలు చెప్పాను, ఈ ఒక్కటీ తప్ప. యాదగిరి దుకాణం ఎత్తేసి మౌలాలి వైపు వెళ్లిపోయాడని విన్నాను. వినడం దగ్గరే ఆగాను. నాన్న ఆ మాట మళ్లీ ఎత్తలేదు. వాల్వు మాత్రం వేరేచోట కొత్తది తెచ్చి వేయించి, పెట్టెను తన మంచం కింద పెట్టుకుని, ప్రతి శనివారం తుడుస్తూనే ఉండేవాడు. గుడికి వెళ్లని పెట్టెను ఎందుకు తుడుస్తున్నావని అమ్మ అడిగితే, “వాడు ఏ ఆదివారం సాక్ష్యానికి లేస్తాడో తెలియదు కదా” అనేవాడట. ఈ సంగతి ఆయన పోయాక అమ్మ చెప్పింది.

మొన్న జోయెల్ నా మాట వినకుండా పెట్టె వెనక చెక్క విప్పాడు. “మామయ్యా, రెండు వాల్వులు మిస్సింగ్. ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టేద్దాం” అన్నాడు. ఫోన్ వెలుతురులో లోపలి రేకు మీద పెన్సిలు రాత కనిపించింది. నా గరుకు కాగితానికి అందని చోటు అది. ‘యాదగిరి, తండ్రి మల్లయ్య. రెండు వాల్వులు తీసినం. మళ్ల పెట్టొద్దు.’

“యాదగిరి ఎవరు?”

మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విని, లేచి, చేతులు దులుపుకుని, “అంత ఫీలవ్వకు మామయ్యా. ఎవరు చేస్తే ఏంటి, గ్లోరీ దేవుడికే కదా” అన్నాడు. పంతొమ్మిదేళ్ల నా మొహం వాడి భుజాల మీద కూర్చుని మాట్లాడుతోంది. అసహ్యం వేసింది నాకు, వాడి మీద కాదు.

మర్నాడే పెట్టెను ఆటోలో వేసుకుని మౌలాలి వెళ్లాను. రెండు పూటలు తిరిగితే ఫ్యాన్ మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో ఒక ముసలి మెకానిక్ దొరికాడు. రేకు మీది రాత చూసి, “యాదన్న చెయ్యి” అన్నాడు. “గుజరిపోయిండు సార్. కాలం జేసి చాన ఏండ్లాయె.” ఎండిపోయిన కండెన్సర్లు నాలుగు మార్చి ఇచ్చాడు. ఖాళీగా ఉన్న రెండు వాల్వుల చోట్లూ ముట్టుకోలేదు. “ఆయన తీసిండంటే తీసిండు” అన్నాడు. ఇంటికొచ్చి, బ్లేడుతో తెల్లరంగు మొత్తం గీకేశాను. కింద పేరేమీ మిగల్లేదు. నా పని అంత బాగా చేశాను.

ఆదివారం పెట్టెను ఒళ్లో పెట్టుకుని జోయెల్ వాళ్ల హాలుకు వెళ్లాను. నేను ఎవరి ముందు అబద్ధమాడానో వాళ్లలో సగం మంది సమాధుల్లో ఉన్నారు, నా పాత గుడి స్థానంలో అపార్టుమెంటు ఉంది, కాబట్టి దొరికిన సంఘం ఇదే. పొగ వదిలారు. నేను ముందే అడిగిపెట్టాను కాబట్టి జోయెల్ నా చేతికి మైకిచ్చి, “టూ మినిట్స్ మామయ్యా, టెస్టిమనీ” అన్నాడు. నేను వంగి పెట్టె స్విచ్ వేసి, సౌండ్ బటన్ నాన్న ఎర్రగీత దాటించి చివరిదాకా తిప్పాను. మాట మొదలుపెట్టగానే కీబోర్డు వాడు వెనక నుంచి మెత్తగా ఏదో సంగీతం ఎత్తుకున్నాడు, ఏడిపించడానికి. చెయ్యెత్తి ఆపించాను.

“ఈ పెట్టెకు ఈ గొంతు ఇచ్చింది యాదగిరి. తండ్రి పేరు మల్లయ్య. చిలకలగూడలో రేడియో మెకానిక్. మూడు వారాలు గల్లీ అవతల నిలబడి విని, దీన్నీ నన్నూ తయారుచేశాడు. ఏ మనిషి చెయ్యీ పడలేదని నేను సంఘంలో చెప్పింది అబద్ధం. మా నాన్నతో ఆ అబద్ధానికి ఆమేన్ అనిపించాను. అంత మంచి చేతిని అతనికిచ్చిన దేవుడికి స్తోత్రం.”

చప్పట్లు కొట్టారు. వీళ్లు పార్కింగ్ ప్రకటనకూ కొడతారు. ఆ చప్పట్లలోంచే ట్రాన్స్‌ఫార్మర్ సన్నటి గూఁ అనే మోత మొదలైంది. వంగి చూస్తే మిగిలిన రెండు పెద్ద వాల్వులూ ఎర్రబడి ఉన్నాయి. వేడెక్కిన మైనం వాసన పొగను దాటుకుని నా దాకా వచ్చింది. నాన్న ప్రార్థనకు పట్టేంతసేపు, ఒక్క నిమిషం. నేను చెప్పాల్సిన మాట మొత్తం అందులో పట్టింది, ఇంకా కొంచెం మిగిలింది.

జోయెల్ కాలితో తన పలకను పక్కకు జరిపి, గిటారు వైరును తెచ్చి పెట్టెకు తగిలించాడు.

“సగం తెరిచి మొదలుపెట్టు” అన్నాను. “లీడ్ వచ్చినప్పుడు మొత్తం విప్పు. గంతే.”